స్నేక్ నది లోయలో ఎలుగు కోసం మూడు రోజులు

మొదటి సాయంత్రం మాకు కనబడ్డ ఎలుగు స్నేక్ నదికి అవతలి ఒడ్డున ఉంది. నల్లటిది, బాగా ఒళ్లున్నది. నీటికి కాస్త పైన పచ్చగడ్డిలో తలొంచుకుని మేస్తోంది. కానీ నదికి అటుపక్క ఒరెగాన్ రాష్ట్రం, మా జేబుల్లో ఉన్నవి ఐడహో ట్యాగులు, అంటే ఆ రాష్ట్రం ఇచ్చే వేట చీటీలు. ఒరెగాన్‌లో ఆ ప్రాంతంలో వసంతకాలపు ఎలుగు వేటకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, లాటరీలో పేరు రావాలి. మధ్యలో ఉన్నది ఒక్క నదే అయినా మా లెక్కన ఆ ఎలుగు ఇంకో దేశంలో ఉన్నట్టే. అయినా చీకటి పడేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాం. "పోనీలే, చూడటం ఎట్లాగో నేర్చుకోండి" అన్నాడు పెద్దాయన.

మేము ముగ్గురం. పెద్దాయన బోయిసీలో నాతోపాటు పనిచేసి రిటైరయినవాడు, ఐడహోలోనే పశువుల ఫారంలో పుట్టి పెరిగినవాడు. అరవై దాటినా కొండెక్కితే మా ఇద్దరికంటే ముందుంటాడు. రెండోవాడు కరీంనగర్ తమ్ముడు, మా ఆఫీసే. నన్ను అన్నా అంటాడు. నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో.

ఉద్దానం అని ఎందుకు చెప్తున్నానంటే, మాకు ఎలుగు అంటే బొమ్మల పుస్తకంలోది కాదు. జీడితోటల్లో, పనస చెట్ల కింద తిరిగేది. పొద్దుగూకాక తోటలోకి ఒంటరిగా వెళ్లొద్దని చెప్పని ఇల్లు మా ఊళ్లో లేదు. తెల్లారకుండా జీడిపిక్కలు ఏరడానికి వెళ్లినవాళ్ల మీద పడిందన్న మాట ప్రతి ఏడూ ఏదో ఒక ఊరి నుంచి వచ్చేది. ఎలుగును ఆడించేవాళ్లు వచ్చినప్పుడు మా నాయనమ్మ నాకు జడుపు పోవాలని దాని వెంట్రుక తాయెత్తులో పెట్టించి మెడలో కట్టింది. జడుపు పోలేదు. అమెరికా వచ్చి పదిహేనేళ్లయినా, చీకట్లో పొద కదిలితే నాకు ముందు గుర్తొచ్చేది ఎలుగే.

మన ఎలుగు వేరు, ఇక్కడిది వేరు. మనది చెదపుట్టలు తవ్వుకుని తినే జాతి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, దాన్ని వేటాడటం నేరం. అది అలాగే ఉండాలని గట్టిగా కోరుకునేవాణ్ణి నేను. ఐడహోలోది అమెరికా నల్ల ఎలుగు. పేరుకు నల్లది గానీ గోధుమరంగు, దాల్చినచెక్క రంగు, ఎండుగడ్డి రంగు కూడా ఉంటాయి. దానికి కాలం, ప్రాంతం, ట్యాగు అన్నీ ఫిష్ అండ్ గేమ్ అనే రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్కగా పెట్టి వేటకు అనుమతిస్తుంది. ఈ తేడా తెలియకుండా మాట్లాడేవాళ్లు రెండు పక్కలా ఉన్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

అనుమతి సంపాదించడం కష్టం కాదు గానీ ఓపిక కావాలి. 1975 జనవరి 1, ఆ తర్వాత పుట్టినవాళ్లెవరైనా ఐడహోలో లైసెన్సు కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పాసవ్వాలి. తుపాకీ పట్టుకునే తీరు, కంచె దాటేటప్పుడు ఏం చేయాలి, గురికి వెనకాల ఏముందో ఎందుకు చూసుకోవాలి, ఇవన్నీ ఉంటాయి. అదయ్యాక లైసెన్సు, దాని మీద ఎలుగు ట్యాగు. రైఫిల్ నేను గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నాను. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం మీద ఫెడరల్ చట్టంలో నిషేధం ఉంది, హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు కూడా ఉంది. మన కుర్రాళ్లు ఎవరైనా ఈ దారిలోకి రావాలనుకుంటే లాయర్ని అడగకుండా అడుగు వేయొద్దు. రైఫిల్ ధరలో, తూటాల ధరలో 11 శాతం పన్ను కలిసే ఉంటుంది. 1937 నుంచి ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తోంది. ఆ సంగతి నాకు కోర్సులోనే తెలిసింది.

ఆ చలికాలమంతా శనివారాలు గురి సాధన చేసే రేంజికి వెళ్లాం. పెద్దాయన పెట్టిన షరతు ఒక్కటే. కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, రెండు వందల గజాల దూరంలో భోజనం ప్లేటంత కాగితాన్ని పదికి పదిసార్లు కొట్టాలి. తొమ్మిది కొట్టినవాణ్ణి తీసుకెళ్లనన్నాడు. నాకు మార్చి నెలాఖరుకు కుదిరింది.

మే రెండో వారంలో బయల్దేరాం. బోయిసీ నుంచి వెళ్లి, 95వ నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి. రిగ్గిన్స్ దాటాక సామన్ నది మీద వంతెన ఉంటుంది, అది దాటితే గడియారం గంట వెనక్కి వెళ్తుంది. పెద్ద జంతువుల వేటకు సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే అనుమతి. ఫోను గడియారం అటూ ఇటూ దూకుతుంటే నమ్మలేమని పెద్దాయన ఆ మూడు రోజుల వేళలు కాగితం మీద రాసి అద్దానికి అంటించాడు. వైట్ బర్డ్ దగ్గర హైవే వదిలి, సామన్ నది దాటి, కంకర రోడ్డు మీద కొండెక్కి దిగితే పిట్స్‌బర్గ్ లాండింగ్. స్నేక్ నది ఒడ్డున రేవు. వైట్ బర్డ్ అనేది ఇక్కడి ఆదివాసులైన నెజ్ పెర్స్ తెగ నాయకుడి పేరు. 1877 జూన్‌లో ఆ తెగకూ అమెరికా సైన్యానికీ మొదటి యుద్ధం జరిగింది ఆ లోయలోనే. వాళ్ల నేల మీదే మేము గుడారం వేసుకున్నామన్నది నేను మర్చిపోదలచుకోలేదు.

స్నేక్ నది కోసిన ఈ లోయ పేరు హెల్స్ కాన్యన్. అదంటే ఏమిటో పిట్స్‌బర్గ్ గట్టు మీద నుంచి చూస్తే తెలుస్తుంది. ఉత్తర అమెరికాలో నది కోసిన లోయల్లో ఇదే అన్నిటికంటే లోతైనది. సెవెన్ డెవిల్స్ కొండల్లోని ఎత్తైన శిఖరం నుంచి స్నేక్ నదికి 7,993 అడుగులు. పైన మంచు, కింద తేళ్లూ గిలకపాములూ. ఇక్కడి పాము తోకతో గలగలమని చెప్పి మరీ కరుస్తుంది, కొన్నిసార్లు చెప్పకుండా కూడా. నల్లరాతి మెట్లు ఒకదాని మీద ఒకటి, వాటి మధ్య ఏటవాలు గడ్డి, గడ్డిలో చేతివేళ్లంత రేకులతో పసుపు పూలు. తెల్లవారుజామున రాళ్ల మీద నుంచి కొక్కొక్కమని ఏదో పక్షి కూసింది. చుకార్ అన్నాడు పెద్దాయన, మన దేశం వైపు నుంచే తెచ్చి వదిలారట. చుకార్ అంటే చకోరమే. వెన్నెల తాగి బతుకుతుందని మన కవులు చెప్పిన పక్షి ఇక్కడ గడ్డిగింజలు ఏరుకుంటోంది.

పెద్దాయన వేట పద్ధతిలో నడక తక్కువ. ఎదురు కొండను గళ్లుగా విడగొట్టుకుని, మూడుకాళ్ల స్టాండు మీద బైనాక్యులర్ బిగించి, ఒక్కో గడిని గాలించాలి. చెట్టు కింది నీడ, రాతి పక్క, పొద అంచు. అయిపోయాక మళ్లీ మొదటి గడి. చలికాలపు నిద్ర నుంచి లేచిన ఎలుగు వసంతంలో ఆవులాగా గడ్డి మేస్తుంది. అందుకని దక్షిణపు ఎండ పడి ముందుగా పచ్చబడ్డ వాలుల మీదకు సాయంత్రాలు బయటికి వస్తుంది. కనబడ్డాక దగ్గరికి పొంచి వెళ్లాలి. కుక్కలు లేవు, ఎర లేదు. ఐడహోలో కొన్ని ప్రాంతాల్లో ఆ రెండూ చట్టబద్ధమే, మాకు అక్కర్లేదనుకున్నాం.

రెండో రోజు పొద్దున్నే నదివెంబడి కాలిబాటన పైకి నడిచి, ఒక గెడ్డ నదిలో కలిసేచోట కూర్చున్నాం. తొమ్మిదింటికి తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, గా ఎండిన చెట్టు కింద జూడు. లేచింది." గోధుమరంగు ఎలుగు, ఒంటరిగా. తుపాకీ సంచీలోంచి తీయబోయాను. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, కూర్చో అన్నాడు. ఇరవై నిమిషాలు చూశాం, ఏమీ లేదు. ఇరవై అయిదో నిమిషంలో దాని వెనక గడ్డిలోంచి బంతుల్లాంటివి రెండు బయటికి దొర్లాయి. పిల్లలు. పిల్లలున్న తల్లిని కొట్టడం చట్టం ఒప్పుకోదు. చట్టం లేకపోయినా మేము కొట్టేవాళ్లం కాదు. కానీ నేను అయిదు నిమిషాలకే లేచి ఉంటే? ఆ సంగతి ఆ రోజంతా నన్ను వదల్లేదు. పిల్లల్ని చెట్టెక్కించి, పొదలో దాచి తల్లి మేతకు దూరం వెళ్తుందట. అందుకే ఒంటరి ఎలుగును చూసి వెంటనే ఒంటరి అనుకోకూడదు.

మధ్యాహ్నం రెండింటికి ఇంకొకటి కనబడింది. ఈసారి నల్లది, ఒక్కటే, నిజంగా ఒక్కటే, మాకు తిన్నగా పైన. తప్పు నాదే. పక్కనున్న రాతి వెన్ను చుట్టి వెళ్దామని పెద్దాయన అన్నాడు, గంటన్నర పడుతుందన్నాడు. అంతసేపటికి అది వెళ్లిపోతుందని, తిన్నగా ఎక్కుదామని నేను పట్టుబట్టాను. ఎండకు కొండ కాగినప్పుడు గాలి పైకి పాకుతుంది. ఆ మాట నేను కోర్సులో చదివాను, పెద్దాయన నోట పదిసార్లు విన్నాను. మూడు వందల గజాల దూరంలో ఉండగా ఎలుగు మేత ఆపి, ముక్కు పైకెత్తి, ఒక్కసారి గాలి పీల్చింది. మమ్మల్ని చూడలేదు కూడా. తిరిగి ఒక్క పరుగున గట్టు దాటేసింది. ఎలుగు చూపును మోసం చెయ్యొచ్చు, చెవిని కొంతవరకు మోసం చెయ్యొచ్చు, ముక్కును మాత్రం ఎవడూ మోసం చెయ్యలేడు. పెద్దాయన ఒక్క మాట అనలేదు. రాత్రి మంట దగ్గర పౌడర్ సీసా నా చేతికిచ్చి, రేపు ఇది నీ దగ్గరే ఉండాలన్నాడు.

ఆ సీసాలో సన్నటి పొడి ఉంటుంది. నొక్కితే పొగలా బయటికొచ్చి, మనకు తెలియని గాలిని కూడా చూపిస్తుంది.

మూడో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏమీ లేదు. కళ్లు మండిపోయాయి. ప్యాంటు మీద పాకుతున్న గోమార్లను తీసి పారేయడమే పని. అయిదూ నలభైకి, గెడ్డకు ఉత్తరం గట్టున, పొడవాటి పైన్ చెట్ల అంచున దాల్చినచెక్క రంగు కదిలింది. మైలు దూరం. దూరాన్ని దగ్గరగా చూపే స్పాటింగ్ స్కోపు అటు తిప్పాం. చెవులు చిన్నవిగా, తలకు రెండు పక్కలా దూరదూరంగా ఉన్నాయి. చిన్న ఎలుగుకైతే చెవులు తల మీద పెద్దగా, దగ్గరగా కనబడతాయి. నడకలో తూగు ఉంది, ముందుకాళ్లు లోపలికి తిరిగి బరువుగా పడుతున్నాయి. మగదన్నాడు పెద్దాయన. భుజం మీద మూపురం లేదు, ముఖం నుదుటి నుంచి ముక్కుదాకా తిన్నగా ఉంది, అంటే గ్రిజ్లీ అనే పెద్ద జాతి ఎలుగు కాదు. గ్రిజ్లీలు ఐడహోలో వేరే చోట్ల ఉన్నాయి, వాటికి ఫెడరల్ రక్షణ ఉంది. ఇక్కడ ఉండవులే అని వదిలేయకూడదు. పిల్లల కోసం అరగంట చూశాం. ఆ అరగంట కూర్చోమని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అప్పుడు గాలి లెక్క మొదలైంది. ఆ వేళ గాలి ఇంకా పైకే పోతోంది కాబట్టి ఎలుగుకు పైనుంచి రావాలి. కానీ అక్కడికి చేరేసరికి గంటకు పైగా పడుతుంది, అప్పటికి గెడ్డలోకి నీడ దిగుతుంది, నీడ దిగితే చల్లబడ్డ గాలి కిందికి జారుతుంది. పైన ఉంటే మా వాసన దాని నెత్తిన పడుతుంది. కింద ఉంటే ఇప్పుడే పట్టేస్తుంది. అందుకని దాని ఎత్తుకు కాస్త పైనే, పక్క నుంచి పోవాలి. మధ్యలో చిన్న వాగు పల్లం ఉంది. సాయంత్రపు గాలి ఆ పల్లం వెంట కిందికి జారితే మా వాసన కూడా అటే పోతుంది, పల్లం దాటి ఎలుగు దాకా రాదు. పెద్దాయన ఉన్నచోటే స్కోపు దగ్గర ఉండిపోయాడు. టోపీ కుడిచేత్తో ఎత్తితే ఎలుగు కుడికి కదిలినట్టు, ఎడమచేత్తో ఎత్తితే ఎడమకు, నేల మీద పెడితే పడుకున్నట్టు. అంతకుమించి సంకేతాల్లేవు.

నేనూ తమ్ముడూ వెనకనుంచి గట్టెక్కాం. మోకాళ్ల మీద, కొన్నిచోట్ల పొట్ట మీద. తుపాకీలోకి తూటా ఎక్కించలేదు, పాకేటప్పుడు ఎక్కించకూడదు. పది అడుగులకోసారి పౌడరు నొక్కుతున్నాను. ఏడింటికి పొగ ఇంకా పైకే పోయింది. ఆగాం. ఏడూ పదికి అటూఇటూ కాకుండా నిలబడింది. ఏడూ ఇరవైకి నెమ్మదిగా కిందికి వంగింది. అంతకుముందు రోజు నేను ఆగలేకపోయిన గంటన్నర ఈ పొగ కోసమే.

రాతి అంచు మీదకు పాకి తల ఎత్తితే, అది అక్కడే ఉంది. రేంజ్‌ఫైండరులో 230 గజాలు. వాలు పాతిక డిగ్రీలు. కిందికి వాలుగా కొట్టేటప్పుడు తూటా పడిపోయే లెక్క నేలబారు దూరానికే చూడాలి, అది 208 వచ్చింది. సంచీ రాతి మీద పెట్టి దాని మీద రైఫిల్ ఆనించాను. ఎలుగు మాకు ఎదురుముఖంగా మేస్తోంది. అలా ఉన్నప్పుడు కొట్టకూడదు. ఆగాను. తల పక్కకు తిప్పి, గడ్డిని పక్కపళ్లతో కొరికి, నమలకుండానే ఇంకో గుత్తి అందుకుంటోంది. మధ్యలో ఆగి ఒక పసుపు పువ్వును వాసన చూసి వదిలేసింది. స్కోపులో దాని చెవిమీది వెంట్రుకలు గాలికి కదలడం కనిపిస్తోంది. నా గుండె నా చెవుల్లో కొట్టుకుంటోంది, కానీ భయం కాదు. ఉద్దానంలో పుట్టినవాణ్ణి, ఎలుగును అంతసేపు, దానికి తెలియకుండా, దాని పని అది చేసుకుంటుండగా చూడటం అదే మొదటిసారి.

"ఆగు అన్నా. తిరుగుతది" అన్నాడు తమ్ముడు గుసగుసగా.

ఏడూ నలభైకి తిరిగింది. దగ్గరి ముందుకాలు ముందుకు వేసింది. భుజానికి వెనక, ఒంటి ఎత్తులో కింద నుంచి మూడో వంతు. ఊపిరి సగం వదిలి నొక్కాను.

తన పక్కను తానే కొరుక్కోబోయి, కిందికి నలభై అడుగులు పరిగెత్తి హాక్‌బెర్రీ పొదల్లో పడింది. కొమ్మలు విరిగిన చప్పుడు. తర్వాత ఒక మూలుగు, పొడుగ్గా, మనిషి మూలుగుకు దగ్గరగా. అలా వినబడొచ్చని పెద్దాయన ముందే చెప్పాడు. చెప్పినా ఒళ్లు చల్లబడింది. తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేసి తీయలేదు. దెబ్బతిన్న ఎలుగు దగ్గరికి వెంటనే వెళ్లకూడదు. దట్టమైన బొచ్చు, కొవ్వు వల్ల నేలమీద నెత్తురు జాడ కూడా సరిగ్గా పడదు. అరగంట కూర్చుని, పైనుంచి దిగి, పొడుగాటి కర్రతో కన్ను తాకి చూశాం. కదల్లేదు. నేను పక్కన కూర్చుని దాని మెడమీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఏం చెప్పాలో తెలియక దణ్ణం పెట్టుకున్నాను.

ఆ తర్వాతంతా పని. ముందు ట్యాగు. అంచున నెల దగ్గర ఒక ముక్క, తేదీ దగ్గర ఒక ముక్క కోసి తీసేసి, కళేబరానికి కట్టాలి. ఆడదో మగదో తెలిపే భాగం తోలుకు అతుక్కునే ఉండాలి. ఎలుగు బొచ్చు వేడిని పట్టి ఉంచుతుంది, తోలు ఆలస్యంగా తీస్తే మాంసం చెడుతుంది. పెద్దాయన చీకట్లో తలదీపంతో వచ్చి కలిశాడు. ఆయన చేతిలో చిన్న కత్తి, ఎక్కడా తడబాటు లేదు. ఐడహోలో ఎలుగు మాంసం మోసుకెళ్లి తీరాలన్న నియమం లేదు. నియమం లేదని వదిలేసేవాళ్లను నేను ఎప్పటికీ మెచ్చుకోలేను. నాలుగు తొడలు, వీపుకండలు, మెడ, పక్కటెముకల మధ్య మాంసం దాకా గుడ్డసంచుల్లో కట్టాం. తోలు, తల ఒక మూట. రెండు విడతలు మోశాం. కింద బాట దగ్గర పాము చప్పుడు చేస్తే మోకాళ్లు ఒణికినా బరువు దించలేదు. గుడారం చేరేసరికి రెండున్నర.

చంపిన పది రోజుల్లోగా తోలు, పుర్రె ఫిష్ అండ్ గేమ్ వాళ్లకు చూపించాలి. కౌంటరు దగ్గరున్న ఆమె చిన్న పన్ను ఒకటి పీకి కవరులో వేసింది. చెట్టు వయసు వలయాల్లో తెలిసినట్టు, ఆ పంటి వేరును పలచగా కోసి చూస్తే వయసు తెలుస్తుంది. ఎంతసేపు చూశాక కొట్టావని అడిగింది. రెండు గంటలన్నాను. తల ఊపి రాసుకుంది.

కూర తమ్ముడు వండాడు. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, పచ్చిమిర్చి, కుక్కరులో. ఎలుగు మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండొచ్చు, ఫ్రీజర్లో పెట్టినా అది చస్తుందని నమ్మలేం. లోపలి వేడి 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందని థర్మామీటరు గుచ్చి చూశాకే గిన్నె దించాడు. మాంసం ముదురు ఎరుపు, మేకపోతుకు దగ్గరగా ఉంది గానీ ఇంకాస్త తియ్యదనం. వసంతం కాబట్టి కొవ్వు తక్కువ, కరిగిస్తే రెండు సీసాలు వచ్చింది, వెన్నలా తెల్లగా. ఒకటి పెద్దాయన ఇంటికి పంపాం.

ఆ ఆదివారం ఊరికి ఫోన్ చేసి నాన్నకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"తోటలోకి ఒచ్చీసిందేటి?" అన్నాడు.

"లేదు నాన్నా."

"మనిషి మీద పడిందేటి?"

"లేదు."

"మరెందుకురా బాబూ?"

మాంసం సంగతి, ట్యాగు సంగతి, తల్లినీ పిల్లల్నీ వదిలేసిన సంగతి, గాలి తిరిగేదాకా ఆగిన సంగతి అన్నీ చెప్పాను. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. చివరికి, "డెబ్బై ఏళ్లయింది, నేను దాన్ని ఎప్పుడూ రెప్పపాటు మించి చూడలేదు. కనబడితే పరిగెట్టడమే. గడ్డి తింటదన్నావు కదా, ఎలా తింటది? అది చెప్పు" అన్నాడు.

తల పక్కకు తిప్పి, పక్కపళ్లతో కొరుకుతుంది నాన్నా, నమలదు, ఇంకో గుత్తి అందుకుంటుంది. మధ్యలో ఒక పసుపు పువ్వు దగ్గర ఆగింది.